వినువారికిని చదువు వలయును

స్కూటరు నడుపుటకు లైసెన్సు కావలెనన్నచో అధికారి యెదుట ఎనిమిది అంకె ఆకారమున బండిని త్రిప్పి చూపవలయును. మందుల దుకాణము పెట్టదలచినవాడు ఫార్మసీ చదివినవాని నొకనిని అందు నియమింపవలయును. మిరపకాయ బజ్జీల బండి పెట్టుకొను పేదరాలు సైతము ఆహారభద్రతా చట్టము క్రింద పేరు నమోదు చేయించుకొనవలయును. ఇట్లు అనుమతి కోరువారికి ఎన్నియో యర్హతలు నిర్ణయింపబడినవి. సంతోషమే. కాని యా యనుమతి నీయవచ్చునా, ఈయరాదా యని ఉభయపక్షముల మాట వినుటకు కూర్చుండు పెద్దలకు ఏ యర్హత వలయును? వారు ఆ పని నెవరివద్ద నేర్చుకొనిరి? ఈ ప్రశ్నను మేము మా ఓరుగల్లు పట్టణమున పలువురి నడిగితిమి. కొందఱు నవ్విరి. "ఓట్లు వడ్డయి గద, ఇంకేం గావాలె?" అని యొక పెద్దమనిషి మమ్ములనే తిరిగి ప్రశ్నించెను.

ఓట్లు పడుట సామాన్యమైన సంగతి కాదు. ఆ గౌరవమును మేము తక్కువ చేయుట లేదు. అయినను ఓటు మనుష్యుని కుర్చీవఱకు కొనిపోవునే గాని, కూర్చుండినపిదప ఎదుట నిలిచిన యిరువురిలో ఎవరి మాటకెంత విలువ నీయవలయునో నేర్పజాలదు. ఇది స్త్రీల పత్రికలో వ్రాయదగిన విషయమా యని సోదరీమణులలో కొందఱు శంకింపవచ్చును. మన వీధి మొగదల ఏ దుకాణము వచ్చునో, రాత్రి ఎన్నిగంటలవఱకు అది తెఱచియుండునో, ఆ దారిని మన బిడ్డలు ఇంటికి వచ్చుట యెట్లో తేల్చవలసినది ఈ విచారణయే కనుక, పప్పుదినుసుల ధరలకంటె ఇది మనకు దూరమైన విషయము కాదని మా యభిప్రాయము.

కొన్నియేండ్ల క్రిందట హనుమకొండలో మా వాడకు దాపున మద్యపు దుకాణ మొకటి రానున్నదని తెలియవచ్చెను. ఆ సందులోనే యొక పంతులమ్మగారు సాయంకాలము ఆడపిల్లలకు లెక్కలు చెప్పుచుందురు. పదునైదుగురము స్త్రీలము ప్రోగైతిమి. బడికిని, గుడికిని, ఆసుపత్రికిని నూఱు మీటర్లలోపల అట్టి దుకాణ ముండగూడదను నియమము కలదని యెవరో చెప్పగా, మా వదినె యొకతె బట్టలు కుట్టు టేపును తెచ్చి కొలుచుటకు సిద్ధపడినది. ఆ చిన్న టేపుతో నూఱు మీటర్లు కొలుచుట కెంత పొద్దుపోయెనో, ఎన్నిమాఱులు లెక్క తప్పెనో చెప్పనేల! తుదకు కొలిచి చూచినను ఫలము లేకపోయెను. పంతులమ్మగారి యిల్లు ప్రభుత్వము గుర్తించిన బడి కాదట.

తరువాత మా వాడ ప్రతినిధిగారి యింటికి పోతిమి. ఆమె క్రొత్తగా ఎన్నికైన గృహిణి, మంచిమనిషి. మమ్ము నందఱను కూర్చుండబెట్టి చాయ ఇప్పించెను. మేము మాటాడినంతసేపును ఆమె వినుచుండెను గాని, బదులు మాత్రము ఆమె భర్త చెప్పుచుండెను. ఆయనకు ఫోను వచ్చి వెలుపలికి పోయినప్పుడు ఆమె మెల్లగా, "అక్కా, గిది నా చేతుల ఉన్నదో లేదో నాకే ఎర్కలేదు. గెల్చినంక దండలేసిండ్రు గని, ఏం జెయ్యాలెనో ఎవ్వలు జెప్పలేదు" అనినది. దుకాణము అనుకొన్న చోటికి మఱి నలువది యడుగుల దూరమున వెలసినది. కాలక్రమమున మా వాడవారు దానికి అలవాటుపడిరి. ఆ యిల్లాలి మాటకు మాత్రము మేము అలవాటుపడలేకపోతిమి.

నిజమునకు ఆ దుకాణము ఆమె చేతిలో లేదు. తెలంగాణమున మద్యపు దుకాణముల లైసెన్సులను ఎక్సైజు శాఖవారు చీటీలు తీసి యిత్తురు. రాష్ట్రమంతటను 2,620 దుకాణములు. ఒక్కొక్క దరఖాస్తునకు 2023లో రెండులక్షల రూపాయలు, 2025లో మూడులక్షల రూపాయలు చెల్లింపవలసియుండెను; చీటీ రాకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు. 2023లో లక్షా ముప్పదివేలకు మించి దరఖాస్తులు వచ్చెననియు, వానివలననే ప్రభుత్వమునకు 2,600 కోట్ల రూపాయలకు పైగా చేరెననియు పత్రికలలో చదివితిమి. జిల్లా కలెక్టరుగారి ఆధ్వర్యమున అందఱి యెదుట చీటీ తీయుదురు. ఎవరికి వచ్చినచో వారు అదృష్టవంతులు. దూరపు కొలతలు మొదలగునవి అధికారులు చూచుకొందురు. ఈ మొత్తము వ్యవహారమున ఆ వీధివారిని పిలిచి "మీరేమందురు?" అని యడుగు ఘట్టమే మాకు కనబడలేదు. చీటీ తీయుటకు చేయి చాలును, చెవి యక్కరలేదు.

పూర్వము వేలముపాట లుండెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రోశమ్మగారి వంటివారు ముందు నడువగా, సారాపై తిరుగబడిన కథ మన పాఠకురాండ్ర కెఱుకయే. ఆ యుద్యమమునకు మూలము అక్షరాస్యతా కార్యక్రమమున నడచిన రాత్రిబడి యనుట మఱవరాదు. వాచకములోని సారా పాఠమును చదివి, అది తమ యింటి కథయే యని గుర్తించి, క్రొత్తగా అక్షరములు నేర్చిన స్త్రీలు వేలము జరుగు చోటికి పోయి అడ్డుపడిరి. పాటలు పలుమాఱులు వాయిదాపడెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, ఆ సంవత్సరమే అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను.

ఆనాడు ఆ స్త్రీలకు ద్వారము వెలుపల నిలిచి కేకవేయుట తప్ప లోపల కుర్చీ లేదు. ఈనాడో, స్థానికసంస్థలలో సగము కుర్చీలు స్త్రీలవి. 2021లో మన గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థకు 66 డివిజనులలో ఎన్నికలు జరిగినప్పుడు సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడెను. మేయరు పదవియు స్త్రీనే వరించెను. తీరా కుర్చీలు వచ్చునప్పటికి మద్యపు లైసెన్సు వ్యవహారము చీటీల పెట్టెలోనికి పోయినది. ఇది విధివిలాసమో, విధానవిలాసమో పాఠకురాండ్రే యూహింతురుగాక.

విచారణ యనునది యెట్లుండునో చూడగోరువారు స్కాట్లండు దేశమువంక చూడవలెను. అచ్చట మద్యపు లైసెన్సుల నిచ్చు అధికారము, 2005 నాటి చట్టము ప్రకారము, స్థానిక మండలి సభ్యులతో నేర్పడిన లైసెన్సింగు బోర్డులది. ఒక్కొక్క బోర్డున ఐదుగురికి తక్కువ కాకుండ, పదుగురికి మించకుండ సభ్యులుందురు. దుకాణము కోరువారు వచ్చి తమ మాట చెప్పుకొందురు. వీధివారు తమ యభ్యంతరములను తెలుపుదురు. బోర్డువారు విని, నేరముల నివారణ, ప్రజల క్షేమము, ఇరుగుపొరుగుల నెమ్మది, ఆరోగ్యము, పిల్లల రక్షణ యను నైదు లక్ష్యములను దృష్టియందుంచుకొని నిర్ణయింతురు. ఇంతవఱకు విశేషమేమియు లేదు. మాకు ముచ్చటగొలిపినది తరువాతి నియమము. ఆ బోర్డునకు ఎన్నికైన సభ్యుడు మూడు నెలలలోపల నిర్ణీతమైన శిక్షణ పొంది, పొందినట్లు రుజువు చూపవలయును. చూపువఱకు విచారణలలో పాల్గొనరాదు. గడువులోపల చూపనిచో బోర్డు సభ్యత్వమే పోవును. ఎన్నికలలో ఓట్లు ఎన్నివేలు వచ్చినను సరే!

ప్రక్కనేయున్న ఇంగ్లండున కథ వేఱు. అచ్చట మేజిస్ట్రేటులు చిరకాలముగా చేయుచుండిన యీ పనిని 2003 నాటి చట్టము మండలి సభ్యుల కప్పగించగా, 2005 నవంబరు నుండి వారు చేయుచున్నారు. సాధారణముగా ముగ్గురేసి కూర్చుండి విందురు. శిక్షణ మంచిదని అందఱు నందురు గాని స్కాట్లండు చట్టమువలె ఆ చట్టము దానిని విధింపలేదు. 2017లో ప్రభువుల సభవారి సంఘ మొకటి ఆ చట్టము నడచిన తీరును పరిశీలించి, కొన్ని విచారణలు జరుగుచున్న విధమునకు విస్తుపోయి, శిక్షణ పొందని సభ్యుడు విచారణలో కూర్చుండరాదని సిఫారసు చేసెను. మేజిస్ట్రేటునకు తర్ఫీదు వలయునని యొప్పుకొన్నవారు, అదే పని చేయు కౌన్సిలరునకు మాత్రము వలదనుట యెట్లు పొసగునో మాకు బోధపడలేదు.

అంతదూరమేల? మన పాత వరంగల్ జిల్లాలోనే మద్యముపై ప్రజల మాట నడుగుటకు చట్టమున చోటున్నది. ఏటూరునాగారము, తాడ్వాయి, కొత్తగూడ మొదలగు మన్యప్రాంతములు (నేడవి ములుగు, మహబూబాబాదు జిల్లాలలోనివి) రాజ్యాంగపు ఐదవ షెడ్యూలునకు చెందినవి. 1996లో పార్లమెంటువారు చేసిన పెసా చట్టము, అట్టి ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును వాడుకను నిషేధించుటకు గాని, అదుపు చేయుటకు గాని, తగ్గించుటకు గాని పంచాయతీలకును గ్రామసభకును అధికార ముండవలెనని చెప్పినది. ఉమ్మడి రాష్ట్రమున 1998లో అందుకు తగినట్లు పంచాయతీ చట్టమును సవరించిరి; 2011లో నియమములను వ్రాసిరి. కాబట్టి నగరములోని మాకు లేని హక్కొకటి గూడెములోని అవ్వకు కలదు. తన యూరికి దుకాణము రావచ్చునా యని ఆమె నడుగవలయును.

ఆ సభను ఒక్కమాఱు కన్నులయెదుట నిలుపుకొని చూడుడు. షెడ్యూలు ప్రాంతములలో సర్పంచి పదవులు గిరిజనులవే. వానిలో సగము స్త్రీలవి. కోయ సోదరి యొకతె సర్పంచియై పెద్దకుర్చీలో కూర్చున్నది. దుకాణము కోరువాని పక్షమున మాటలు నేర్చిన మనుష్యుడు పట్టణమునుండి వచ్చినాడు. ఒక ప్రక్క వేలుపులకు ఇప్పసారా అర్పించు ఆచారము గల పెద్దలు. మఱొక ప్రక్క, సీసామద్యముచేత మగవారు పట్టపగలే పడిపోవుచున్నారని మొఱపెట్టు ఆడువారు. ఆచారపు ఇప్పసారా వేఱు, లైసెన్సు దుకాణపు సరకు వేఱు అని విడదీసి, ఇప్పుడు మన యెదుటనున్నది రెండవ ప్రశ్న మాత్రమే యని సభకు జ్ఞాపకము చేయుట ఒక విద్య. నోటీసు గూడెములన్నిటికి చేరినదా? తెలుగు సరిగా తెలియని ముదుసలికి ఆమె భాషలో చదివి వినిపించిరా? తీర్మానము సభలో వ్రాసినదేనా, లేక ఎక్కడనో వ్రాసితెచ్చి వ్రేలిముద్రలు వేయించుచున్నారా? ఇవి యడుగుటయు నొక విద్యయే. చట్టము హక్కు నిచ్చినది గాని విద్య తనంతట తాను రాదు.

మా బంధువుల కోడలు 2019లో ఒక పల్లెకు సర్పంచిగా గెలిచి శిక్షణకు పోయివచ్చినది. ఏమి నేర్పిరని యడుగగా మొక్కలు నాటించుట, చెత్త యెత్తించుట, రిజిస్టర్లు, చెక్కులపై సంతకములు, ఇట్లు చాల సంగతులు చెప్పినది. అన్నియు నవసరమైనవే. "మరి ఇద్దరు కొట్లాడుకుంట నీ ముందటికొస్తె ఎట్ల వినాలెనో చెప్పిండ్రా, బిడ్డా?" అని యడిగితిమి. "గదిగూడ చెప్తరా, అత్తమ్మా?" అని ఆమె నవ్వినది. పల్లెలో పిండిమర పెట్టవలెనన్నను, పొగయు దుర్గంధమును లేపు పనులకు పూనుకొనవలెనన్నను పంచాయతీ యనుమతి వలయును గదా. ఆమె యున్న ఐదేండ్లలో అట్టి తగవులు ఎన్నియో వచ్చినవట. ఆమె తన మామగారి సలహాచొప్పున వానిని తీర్చినదట. మామగారు ధర్మాత్ముడే కావచ్చును. ఓట్లు ఆయనకు పడలేదు.

ఇంతవఱకు దుకాణమును వలదనువారి పక్షమున మాటాడితిమి. కోరువారి పక్షమున నొక స్త్రీ నిలిచినప్పుడు కథ మాఱును. హనుమకొండ చౌరస్తా దాపున ఇడ్లీబండి పెట్టుకొన్న యొక అమ్మను మే మెఱుగుదుము. భర్త పోయినపిదప, తెల్లవాఱుజామున నాలుగుగంటలకు లేచి, చట్నీ నూఱి, ఇద్దఱు పిల్లలను బడికి పంపి, పదిగంటలకు బండి కడిగి ఇంటికి చేరును. ఆమె బండి నిలుచు చోట ఎదుటి మేడవారికి అది కంటగింపు. దారి కడ్డమని, ఈగలని వారు ఫిర్యాదు చేసిరి. ఆ మేడవారు మనవంటి గృహిణులే. వారు చెప్పినదానిలో కొంత నిజమును లేకపోలేదు. ఇక్కడ న్యాయమేది?

2014 నాటి వీధి విక్రేతల చట్టము ఇందుకొక మార్గము చూపినది. పట్టణమున వీధివ్యాపార సంఘ ముండవలెను. మునిసిపల్ కమిషనరు దాని కధ్యక్షుడు. సభ్యులలో నూటికి నలువదిమందికి తక్కువ కాకుండ వీధిలో అమ్ముకొనువారే తమలోనుండి ఎన్నుకొన్నవారై యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. అమ్ముకొనుటకు ధ్రువపత్రము నిచ్చునది ఈ సంఘమే. దానిని రద్దుచేయుటకు ముందు ఆమె చెప్పుకొనునది వినవలయును. చోటు మార్చవలెనన్న ముప్పది దినముల నోటీసు ఈయవలయును. అనగా, నిన్నటివఱకు లాఠీకి జడిసి బండి త్రోసికొని పరుగెత్తిన స్త్రీ నేడు న్యాయము చెప్పు కుర్చీలో కూర్చుండవచ్చును. మన దేశపు చట్టములలో ఇంత యుదారమైన భావము అరుదు. కాని యామె ఎదుటికి తన యాడుబిడ్డ దరఖాస్తే వచ్చినచో? తాను కోరుకొన్న మూలనే మఱొకతెయు కోరినచో? అప్పుడు ఆమె లేచి ప్రక్కకు తొలగవలయునని, తొలగుట అవమానము కాదని, అదియే మర్యాదయని ఆమెకు ఎవరు చెప్పిరి?

ఆ చట్టమున శిక్షణ మాట లేకపోలేదు. విక్రేతలు తమ హక్కులను వినియోగించుకొనునట్లు శక్తి గలిగించు కార్యక్రమములను ప్రభుత్వము, ధనము మొదలగు సాధనములు లభించినంతమేరకు, చేయవచ్చునని కలదు. చేయవచ్చును! స్కాట్లండువారి చట్టము చేయవలయు ననుచున్నది. గృహిణులమైన మనకు ఈ రెండుమాటల యంతరము బాగుగా తెలియును. "వీలైతే పప్పు తెత్తును" అనిపోయినవాడు ఎప్పుడైన తెచ్చినాడా?

ఇక్కడ మా మాటను అపార్థము చేసికొనగూడదు. చదువులేనివారు పోటీచేయరాదని మేమనుట లేదు. ఆ దారి త్రొక్కినవారు కలరు. రాజస్థానమున 2014 డిసెంబరులో, సర్పంచి పదవికి పోటీచేయుటకు ఎనిమిదవ తరగతియు, షెడ్యూలు ప్రాంతములలో ఐదవ తరగతియు చదివియుండవలెనని శాసనము చేసిరి. హర్యానాలో 2015లో సాధారణముగా పదవ తరగతి యనియు, స్త్రీలకును దళితులకును కొంత తగ్గించియు నియమము పెట్టిరి. ఆ యేడు డిసెంబరులో సుప్రీముకోర్టు హర్యానా శాసనమును సమర్థించినది. ఏ తండ్రియు బడికి పంపకపోవుటచేత చదువురాని స్త్రీని, నీకు చదువులేదు గనుక నిలువరాదని వాకిటనే ఆపుట యెట్టి న్యాయము? రాజస్థానమువారు 2019లో తమ నియమమును తీసివేసిరి, మంచిపని చేసిరి. వాకిట నిలిపి అడుగు అర్హత వేఱు. లోపలికి పిలిచి, కూర్చుండబెట్టి నేర్పు శిక్షణ వేఱు. మొదటిది పేదస్త్రీని వెలుపల నుంచును. రెండవది ఆమె భర్తను, మామగారిని, మాటకారి గుమాస్తాను వెలుపల నుంచును.

స్త్రీలకు శిక్షణ యనుట అవమానమని ఒక సోదరి మాతో వాదించినది. ఓరుగల్లులో పుట్టి ఈ మాట అనదగునా? గణపతిదేవ చక్రవర్తి రుద్రమదేవికి రాజ్యము నప్పగించుటకు ముందు కొంతకాలము తనతోకూడ పాలనయందు పాల్గొననిచ్చినట్లు చరిత్రకారులు చెప్పుదురు. చక్రవర్తి కూతురికే అభ్యాసము కావలసియుండగా మనకేల వలదు? మగవారికిని ఇది సమానముగా వలయునని వేఱుగ చెప్పనక్కరలేదు. తమకు తెలియదని యొప్పుకొను గుణము స్త్రీలలో కొంత హెచ్చు గనుక, నేర్చుకొనుటయు త్వరగా జరుగునని మా నమ్మకము.

ఏమి నేర్పవలయునన్నచో, చట్టపు పుస్తకమంతయు కంఠస్థము చేయింపనక్కరలేదు. అందుకు కార్యదర్శులున్నారు. తన యధికారము ఎంతవఱకో, ఎక్కడ ఆగునో తెలిసిన చాలును. ఉభయులను ఒకే చోట, ఒకే కాలమున వినవలయును. ముందటి రాత్రి ఇంటికి వచ్చి చెప్పుకొన్నవాని మాటను లెక్కలోనికి తీసికొనరాదు. వినకముందే "నేనున్నాను, పోనీయను" అని వీధిలో వాగ్దానము చేసినవారు ఆనాడు కూర్చుండరాదు. కారణము వ్రాయవలయును, ఆ కారణము ఎదుటివారు చదివి, పై యధికారికి చెప్పుకొనుటకు వీలుండవలయును. ఇవి నేర్చుటకు రెండు దినములు చాలునని మాకు తోచును గాని, చెప్పి విడిచిన రావు; చేయించి చూడవలయును. పరీక్ష పెట్టినను నోటిపరీక్ష పెట్టవలయును, తెలుగున గాని, కోయభాషలో గాని, లంబాడీలో గాని. మన హసన్‌పర్తిలోను, హైదరాబాదు చెంత రాజేంద్రనగరులోను పంచాయతీరాజ్ శిక్షణ కేంద్రములున్నవి. 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలలో వేలకొలది స్త్రీలు క్రొత్తగా సర్పంచులును వార్డు సభ్యురాండ్రును ఐరి. ఈ పాఠ మొకటి చేర్చుటకు క్రొత్త భవనములతో పనిలేదు.

నగరమునందును మద్యపు లైసెన్సులకు విచారణ వలయునని మేము కోరుదుము. కాని శిక్షణ లేని విచారణ యైనచో మాకు చీటీయే మేలనిపించును. చీటీకి పక్షపాతము లేదు. చీటీకి బంధువులు లేరు. ఈ మాట మా స్నేహితురాండ్రకు కష్టముగా తోచినది. సరే, మనమే చేసి చూతమని, క్రిందటి బతుకమ్మ పండుగ దినములలో ఒక మధ్యాహ్నము మా యింటి వసారాలో ఆటవిచారణ యొకటి నడపితిమి. లా చదువుచున్న యొక అమ్మాయి కాగితముపై కథ వ్రాసి తెచ్చెను. బస్సులు ఆగు చోటికి ప్రక్కన మద్యపు దుకాణమునకు దరఖాస్తు. ముగ్గురు సోదరీమణులు న్యాయము చెప్పువారు. అభ్యంతరము చెప్పుటకు అందఱును సిద్ధమే. దుకాణదారుగా నిలుచుట కెవరును రాలేదు. తుదకు పొరుగింటి డెబ్బదియేండ్ల అవ్వ, "నేనుంట తియ్యుండ్రి" అని కొంగు దోపుకొని నిలిచెను.

అవ్వ వాదించిన తీరు చూడవలసినది. అప్పు తెచ్చి కట్టిన సొమ్ము, ఇద్దఱు పనివాండ్ర కూలి, ఈడ మూసినంత మాత్రమున త్రాగువాడు మానునా, ఇంకొకచోటికి పోయి అర్ధరాత్రి ఇంటికి రాడా యని ఒక్కొక్కటిగా అడుగుచుండ, అభ్యంతరములవారికి నోట మాట రాలేదు. న్యాయము చెప్పు మువ్వురిలో ఒకతె చట్టున లేచి, "అవ్వ మా చిన్నమ్మకు వియ్యపురాలు. నేను కూసుండద్దు గద?" అని యడిగినది. అందఱును నవ్విరి గాని ఆమె సరిగానే పట్టినది. ఆమె స్థానమున మఱొకతెను కూర్చుండబెట్టితిమి.

నిర్ణయము వ్రాయునప్పుడు అసలు చిక్కు వచ్చినది. ముగ్గురును దుకాణము వలదనిరి. కారణమేమని యడుగగా మొదట వ్రాసినది, "త్రాగుడు చెడ్డది గనుక." లా చదువు అమ్మాయి అది చెల్లదనెను. త్రాగుడు చెడ్డదైనను అమ్మకమును చట్టము అనుమతించినది; ఈ దుకాణము, ఈ చోట, ఏల కూడదో చెప్పవలయునట. కొట్టివేసి మఱల వ్రాసిరి. సాయంకాలము ఐదుగంటలకు కాలేజీ ఆడపిల్లలు అక్కడనే బస్సుకై నిలుతురని, నిలుచుటకు వేఱు చోటు లేదని, ఆ మూల దీపము లేదని, దుకాణదారు దీపము పెట్టింతునన్నను గుంపును ఎట్లు తప్పింతునో చెప్పలేదని నాలుగు వాక్యములు. ఆ నాలుగు వాక్యములకు గంటకు పైగా పట్టినది. చాయ చల్లారిపోయినది.

తీర్పు తనకు వ్యతిరేకముగా వచ్చినదని విని అవ్వ కోపగింపలేదు. "కాయిదం నా చేతికియ్యుండ్రి, పైకి పోత" అని చేయి చాచెను. ఆ మువ్వురును దానిని మఱియొకమాఱు మొదటినుండి చదివి, ఒక మాట దిద్ది గాని ఆమె కీయలేదు.